బాలింత మంచం కింది తుపాకి

మా ఊళ్లో ఎవరింట్లో కాన్పు జరిగినా, పురుడు వెళ్లకముందే ఎవరో ఒకరు నా దగ్గరికి వస్తారు. నేరుగా అడగరు. కాసేపు వానల గురించి, కాసేపు నా పిల్లల గురించి మాట్లాడి, లేచి వెళ్లబోతూ గడప దగ్గర ఆగుతారు. "అనసూయమ్మా, నీకు గాలి సోకినప్పుడు మొదాలు ఎట్లయింది?" అంటారు. వాళ్లింట్లో కోడలికో కూతురికో నిద్ర పట్టడం లేదన్న సంగతి అప్పుడు బయటపడుతుంది.

నాకు గాలి సోకలేదు. జబ్బు చేసింది. ఈ ముక్క నోటితో చెబితే తల ఊపి, తిన్నగా భూతవైద్యుడి ఇంటికే పోతున్నారు కనుక రాసి పెడుతున్నాను. ఏడో తరగతి దాకా చదివినందుకు ఇదన్నా పనికి రావాలి. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ రోజుల్లో మా ఇంట్లో ఒక తుపాకి ఉండేది. గాలి సంగతి అడిగినవాళ్లలో ఒక్కరూ తుపాకి సంగతి అడగలేదు. ఊరందరికీ తెలిసిన విషయాన్ని ఎవరూ అడగడం లేదంటే దాని వెనక ఏదో ఉంటుందని నా నమ్మకం.

అనుమానం నాకు జబ్బుతో వచ్చింది కాదు, పుట్టుకతో వచ్చింది. సంతలో వంకాయ కొన్నా విరిచి చూసే రకాన్ని. అమ్మ చిన్నప్పుడే పోయింది. మేనత్తల చేతుల మీద పెరిగిన పిల్ల ఎవరి మాటా మొదటిసారే నమ్మదు. జబ్బు వచ్చి ఆ గుణానికి ఉన్న పగ్గం కాస్తా తెంపేసింది.

ఆంధ్ర, హైదరాబాదు రాష్ట్రాలు రెండూ కలిసిన తర్వాత రెండో ఏడు, కార్తీకమాసం. కల్వకుర్తికి ఎడ్లబండి మీద పూట ప్రయాణం మా ఊరు. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. నాకు పుట్టింట్లో చూసే దిక్కు లేదు కనుక అత్తగారింట్లోనే జరిగింది. కొడుకు పుట్టాడు. అందరూ సంతోషపడ్డారు. అంత సంతోషం ఎందుకా అని నాకు అప్పుడే అనుమానం తగిలింది.

మా వైపు బాలింతను ఎలా చూస్తారో తెలిసినవాళ్లకు నేను చెప్పబోయేది అర్థమవుతుంది. చల్లగాలి తగలకుండా కిటికీకి గోనెపట్టా కుడతారు. చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ చుడతారు. మంచం కింద కుంపటి, గడపకు వేపరొట్ట, పూటపూటకూ సాంబ్రాణి పొగ. పక్కింటివాళ్లను కూడా లోపలికి రానివ్వరు. పసిబిడ్డ లేస్తాడని ఇంట్లో అందరూ గుసగుసగా మాట్లాడుకుంటారు. ఇదంతా ప్రేమతో చేసేదే. కానీ నిద్ర లేక ఒళ్లు తేలిపోతున్న మనిషికి అది వేరుగా కనిపిస్తుంది. కిటికీ ఎందుకు మూశారు? నేను ఎవరినీ పిలవకుండా ఉండటానికి. చెవుల్లో దూది ఎందుకు? వాళ్ల మాటలు నాకు వినపడకుండా ఉండటానికి. మెల్లగా ఎందుకు మాట్లాడుతున్నారు? పిల్లవాణ్ణి ఎప్పుడు తీసుకుపోవాలో అనుకుంటున్నారు. ఒక్కో ప్రశ్నకూ జవాబు ఎంత చక్కగా దొరికేదంటే, నాకు జబ్బని ఎవరన్నా అంటే నవ్వేదాన్ని.

మా అత్తమ్మ శొంఠి, మిరియాలు, బెల్లం దంచి చేసిన కాయం ఉండ తెచ్చి పెట్టేది. బాలింతకు బలమని తినిపిస్తారు. చేదుగా ఉందన్నాను. "కాయం చేదుండక తియ్యగుంటదా పిల్లా?" అన్నది. ఆమె అటు తిరగగానే ఉండను చాప కింద దాచాను. అలా చాప కింద ఎన్ని పోగయ్యాయో తెలియదు, చీమలు పట్టిన తర్వాతగానీ ఇంట్లో తెలియలేదు. మా ఆయన వచ్చి మంచం అంచున కూర్చుని, "ఏందే గిది, మా అమ్మ నీకు విషం పెడతదా?" అన్నాడు. విషం అన్న మాట నేను అనలేదు. ఆయనకు ఎలా తెలిసింది? ఆ రోజు నుంచి ఆయన్ని కూడా లెక్కలోంచి తీసేశాను.

ఇక ఇనుము. బాలింత దగ్గర ఇనుము ఉంటే గాలి, ధూళి దగ్గరికి రావని మావాళ్ల నమ్మకం. కాన్పయిన రోజే మంచం కింద కొడవలి పెట్టారు. మార్గశిరం వచ్చేసరికి జొన్నకోత మొదలైంది. కోతకు మనుషులు ఎక్కువ, కొడవళ్లు తక్కువ. నా మంచం కింది కొడవలి కూడా చేనుకు పోయింది. గొడ్డలి కంప కొట్టడానికి పోయింది. కత్తిపీట ఒక్కటే మిగిలితే దాని మీద కూర్చుని అత్తమ్మ కూర తరుగుతోంది. బాలింతను ఇనుము లేకుండా ఉంచకూడదు. అప్పుడు ఆమెకు చిలకకొయ్యకు వేలాడుతున్న తుపాకి కనిపించింది.

అది మా మామది. పంటను పందుల నుంచి కాపాడుకోవడానికి లైసెన్సు మీద తెచ్చుకున్న పాతకాలపు తుపాకి. గొట్టం మూతిలోంచి మందు, సీసం గుండ్లు పోసి, గుడ్డపీలిక కుక్కి, వెనకాల ఒక చిన్న రాగి టోపీ తొడిగితేనే పేలుతుంది. రాత్రి మంచె మీదికి తీసుకుపోయి, తెల్లవారి తెచ్చి కొయ్యకు తగిలించేవాడు. అత్తమ్మ దాన్ని తెచ్చి నా మంచం కిందికి తోసింది. "కొడవలి జానెడే ఉంటది. గిది నిలువెత్తున్నది. ఇంత ఇనుముకు ఏ గాలి దగ్గరికొస్తదే?" అన్నది. నాకు బాగా గుర్తుంది, ఆమె ముఖంలో ఎంత నిశ్చింత ఉందో.

ఆ రోజే, పట్టపగలు. అందరూ చేనుకు పోయారు. ఇంట్లో నేను, పిల్లవాడు, అత్తమ్మ. తుపాకిని నా మంచం కింద ఎందుకు పెట్టారని నేను పొద్దుటి నుంచి ఆలోచిస్తున్నాను. ఇనుము కోసమని ఆమె చెప్పింది కనుక అది మాత్రం కాదని తేల్చుకున్నాను. పిల్లవాణ్ణి తీసుకుపోయే రోజు ఈ రోజేనని నిశ్చయమైంది. అత్తమ్మ పళ్లెంలో అన్నం, పక్కన కాయం ఉండ పెట్టుకుని తలుపు నెట్టుకుని లోపలికి వచ్చేసరికి నేను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. ఒక చేతిలో పిల్లవాడు. ఇంకో చేత్తో, చంక కింద ఇరికించుకుని, తుపాకి ఆమె మీదికి గురిపెట్టాను.

ఆమె అరవలేదు. మీదికి రాలేదు, వెనక్కి పోలేదు. ఒక్క క్షణం తుపాకి వైపు చూసి, నిలబడిన చోటే మెల్లగా నేల మీద కూర్చుంది. పళ్లెం ముందు పెట్టుకుంది.

"ఇండ్ల విషమున్నదని గదా నీ భయం?" అన్నది. "సూడు బిడ్డా, నేను తింటున్న."

కాయం ఉండ విరిచి నోట్లో వేసుకుంది. అన్నం ముద్ద తీసుకుంది. బాలింత ముందు కూర్చుని బాలింత అన్నం తినే అత్తను నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. నేను చూస్తూనే ఉన్నాను. ఆమె నములుతూనే ఉంది. మెతుకులు చీర మీద పడుతున్నాయి, దులుపుకోలేదు. పిల్లవాడు ఏడుపు అందుకున్నాడు.

"ఆకలైతాంది వానికి. పాలియ్యి. నేను యాడికీ పోను, గీణ్ణే కూసుంట" అన్నది.

పాలివ్వాలంటే రెండు చేతులూ కావాలి. తుపాకి కింద పెట్టాను. ఆమె దాన్ని వెంటనే లాక్కోలేదు. నేను మంచం మీద కూర్చుని, పిల్లవాడి నోరు కుదురుకున్న తర్వాత, కాలితో మెల్లగా తలుపు వైపు జరిపింది. సాయంత్రం దాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం. ఆ రోజు నా చేతుల మీదుగా ఏమీ జరగలేదన్నది ఇప్పటికీ నేను రోజూ తలుచుకునే సంగతి.

మొదట భూతవైద్యుడే వచ్చాడు. వేపమండలతో కొట్టాడు. నా చేతికి ఇనుప కడియం తొడిగాడు. మంచం కింద తుపాకి ఉండబట్టే గాలి అంతటితో ఆగిందనీ, లేకుంటే ప్రాణమే పోయేదనీ తేల్చాడు. మంత్రాలకు చింతకాయలు రాలవని ఊరికే అనలేదు. నేను అన్నం పూర్తిగా మానేశాను. నాకు పాలు తగ్గి, పిల్లవాడి డొక్కలు కనిపించడం మొదలైన తర్వాత మా ఆయన ఎవరినీ అడగకుండా బండి కట్టాడు. కల్వకుర్తి దవాఖానలో డాక్టరు నన్ను ఒక్కసారి చూసి, పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మన్నాడు. ఏ దవాఖానో పేరు చెప్పలేదు. బస్సులో మా ఆయన ఏడుస్తుంటే, నన్ను అమ్మేయడానికి తీసుకుపోతూ ఏడుస్తున్నాడని అనుకున్నాను.

పట్నం దవాఖాన వరండా అంటే ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది ఒక తలుపు. ఎవరు లోపలికి పోయినా, బయటికి వచ్చినా దడాలున కొట్టుకునేది. కొట్టుకున్నప్పుడల్లా నేను ఉలిక్కిపడి పిల్లవాణ్ణి గట్టిగా అదుముకునేదాన్ని, వాడు ఏడ్చేవాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నాలాంటి వాళ్లే, లేదా నాలాంటి వాళ్లను పట్టుకుని కూర్చున్నవాళ్లే. నా పక్కన ఒక ముసలి తురక బీబీ, తమ్ముణ్ణి తీసుకువచ్చింది. ఆమె నాతో మాట్లాడలేదు. నా చేతికి ఏమీ ఇవ్వబోలేదు. ఇచ్చి ఉంటే విసిరేసేదాన్ని. కాసేపు నన్ను, తలుపును మార్చి మార్చి చూసి, లేచి తన చెప్పు ఒకటి విప్పి తలుపు కింద ఇరికించింది. తలుపు కొట్టుకోవడం ఆగింది. ఆమె ఒంటికాలి చెప్పుతో తిరిగి వచ్చి కూర్చుంది. ఆ జబ్బులో ఎవరి మీదా అనుమానపడకుండా గడిచిన ఘడియ అదొక్కటే.

డాక్టరమ్మ నన్ను కాసేపు, మా ఆయన్ని కాసేపు అడిగింది. చివరికి చెప్పింది: "గాలి లేదు, దయ్యం లేదు. కాన్పు తర్వాత కొంతమందికి మనసుకు వచ్చే జబ్బు. తగ్గుతుంది. మళ్లీ కాన్పుకు మళ్లీ రావచ్చు, ముందే జాగ్రత్త పడాలి." తర్వాత, "ఇంట్లో కత్తులు, ఎలుకల మందు, తుపాకి లాంటివి ఏమన్నా ఉన్నాయా?" అని అడిగింది.

"లెవ్వమ్మా" అన్నాడు మా ఆయన.

ఆ జబ్బులో కూడా ఆ మాట నాకు స్పష్టంగా వినపడింది. ఆయన్ని తప్పు పట్టడం తేలిక. మా జిల్లాల్లో దొరల మీద కొట్లాటలు అణిగిన తర్వాత పోలీసులు ఇల్లిల్లూ వెతికి తుపాకులు ఏరుకుపోయారు. దొరికినవాళ్లనూ, దొరకనివాళ్లనూ కూడా కొట్టారు. అప్పటి నుంచి సర్కారు మనిషి ఎవరు తుపాకి మాట ఎత్తినా మావాళ్ల నోరు ముందు 'లేదు' అంటుంది. లైసెన్సు ఉన్న తుపాకికి కూడా అంతే. కానీ ఆమె ఠాణా నుంచి రాలేదు. నా ప్రాణం కోసం, నా వాళ్ల ప్రాణం కోసం అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకే ఆమెకు అబద్ధం దక్కింది.

పుష్యం, మాఘం అక్కడే గడిచాయి, పిల్లవాణ్ణి చూసుకోవడానికి అత్తమ్మ కూడా వచ్చి ఉంది. చేసిన వైద్యం గురించి రాయను, అంతా గుర్తులేదు కూడా. నిద్ర తిరిగి వచ్చిన రోజు గుర్తుంది. ఆ తర్వాత అన్నం రుచి. ఆ తర్వాత, ఒక పొద్దున, పిల్లవాణ్ణి ఎత్తుకుని వరండాలో తిరుగుతున్న అత్తమ్మను చూసి, ఈమె ఎంత చిక్కిపోయిందీ అనిపించింది. ఎదుటి మనిషి చిక్కిందని కనిపించడం మొదలైతే జబ్బు తగ్గినట్టే.

ఇల్లు చేరాను. తుపాకి మళ్లీ కొయ్య మీద ఉంది. "అది ఉత్తదే ఉండె బిడ్డా, మందు లేదు, టోపీ లేదు. నువ్వు ఫికర్ వెట్టుకోకు" అన్నాడు మామ, నేను అడగకముందే. అడగకముందే జవాబు చెప్పే మనిషిని నేను నమ్మను. ఇంకొకటి కూడా గమనించాను. ఆయన దాన్ని ముట్టడం మానేశాడు. పందులను తోలడానికి రేకుడబ్బా పట్టుకుపోయేవాడు. ఉత్త తుపాకికి అంత భయమెందుకు?

కానీ నా అనుమానానికి విలువ పోయింది. ఈ జబ్బు చేసిన అన్యాయాల్లో పెద్దది ఇదే. పాలలో నీళ్లు కలిశాయని అన్నా, వాకిట్లో ఎవరో నిలబడ్డారని అన్నా, ఇంట్లోవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. అనుమానం పెనుభూతం అంటారు గదా, ఆ భూతం నాకు పట్టి వదిలింది. ఇక నేను నిజంగా అనుమానించాల్సినదాన్ని అనుమానించినా భూతం మాటే అవుతుంది. నాకే నా మీద నమ్మకం ఉండేది కాదు. తుపాకి నిండి ఉందని నాకు అనిపించడం జబ్బా, తెలివా? అడిగితే ఎవరు చెబుతారు?

పిల్లవాడు నడక నేర్చి పరుగెత్తుతున్న రోజుల్లో నాకు మళ్లీ నెల తప్పింది. ఐదో నెలలో ధైర్యం తెచ్చుకుని, అందరూ అన్నాలు తింటున్నప్పుడు చెప్పాను. "డాక్టరమ్మ మళ్లొస్తదన్నది. నాకు ఒళ్లు తెలువని రోజులొస్తే గా తుపాకి ఇంట్ల ఉండొద్దు. ఠాణాల ఇచ్చి రాండ్రి."

మా ఆయన చేయి పళ్లెంలోనే ఆగింది. "మళ్ల మొదలైందా ఏందే?" అన్నాడు. కోపంగా కాదు, భయంగా.

"లైసెన్సు ఒకసారి పోతే మళ్ల రాదు" అన్నాడు మామ. "అయినా ఉత్త ఇనుప గొట్టానికి గింత రందా?"

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాలని కూర్చున్నాను. మా ఆయన్ని విడిగా అడిగాను. "నాయిన ఉత్తదన్నడు" అన్నాడు, అంటే ఆయన చూడలేదు. అత్తమ్మను మర్నాడు చేటలో జొన్నలు చెరుగుతుండగా అడిగాను. "ఉత్తదే బిడ్డా" అన్నది. చేట మాత్రం ఆగిపోయింది.

"ఉత్తదైతే ఆ పొద్దు ఎందుకు గుంజుకోలేదు అత్తమ్మా? నా చేతుల పిల్లగాడున్నడు, నాకు బలం లేదు. ఒక్క గుంజు గుంజితే వొచ్చేది. ఎందుకు కూసున్నవు?"

ఆమె చేట కింద పెట్టింది. జొన్నలు అలాగే వదిలేసి లోపలికి పోయింది. ఆ పూట అన్నం తినలేదు. తెల్లవారి రొట్టెలు చేసి మూట కట్టి, కొయ్య మీది తుపాకి దించి, మామ ముందు నిలబడింది.

"నడువు ఠాణాకు."

"పందులకు ఏం జెప్పాలె?" అన్నాడు మామ.

"పందులు జొన్న తింటయి. మనిషిని తినయి. నడువు."

నేనూ వస్తానన్నాను. కడుపుతో ఉన్నదానివి బండి కుదుపులెందుకు, మా మీద నమ్మకం లేదా అన్నాడు మా ఆయన. లేదన్నాను. చాలా రోజుల తర్వాత ఇంట్లో అందరూ నవ్వారు, నన్నూ బండి ఎక్కించుకున్నారు. ముసలివాళ్లిద్దరూ, నేనూ, మా ఆయనా, పిల్లవాడూ, గడ్డిలో పరిచిన తుపాకీ కల్వకుర్తికి పోయాం.

ఠాణాలో ఒక పెద్ద వయసు జవాను తుపాకి అందుకున్నాడు. మాట్లాడుతూనే, అలవాటు కొద్దీ, దట్టించే కడ్డీని గొట్టంలోకి జారవిడిచాడు. కడ్డీ పూర్తిగా దిగలేదు. నాలుగు వేళ్లంత బయటే ఉండిపోయింది. ఆయన మాట ఆపి మామను చూశాడు.

"పెద్దయ్యా, గిది నిండున్నది గదా."

బల్ల మీద గుడ్డ పరిచి, కొసన మర ఉన్న ఇంకో కడ్డీ గొట్టంలో తిప్పి గుడ్డపీలిక బయటికి లాగాడు. గొట్టం వంచితే సీసం గుండ్లు దొర్లి బల్ల చివరి దాకా పోయాయి. వాటి వెనక నల్లటి మందు, గడ్డకట్టి, పెళ్లలుగా రాలింది. మా పిల్లవాడు గుండ్లను చూసి గోలీలనుకుని చేయి చాపాడు. మా ఆయన వాణ్ణి గబుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"మర్శిపోయిన సాబ్" అన్నాడు మామ జవానుతో. తర్వాత నా వైపు తిరిగాడు. "మర్వలే బిడ్డా. ఆ రాత్రి పంది రాలే. నింపింది నింపినట్లే తెచ్చి తగిలేసిన. టోపీ గూడ ఉండె. నువ్వు దవాఖానకు పోయినంక టోపీ తీసేసిన. మందు తీద్దామంటే చేతులు రాలే. తీస్తే ఉన్నదని ఒప్పుకున్నట్లే గద."

నేను అత్తమ్మను చూశాను. ఆమె నన్ను చూడటం లేదు, బల్ల మీది గుండ్లను చూస్తోంది.

"నీకు తెల్సునా?" అన్నాను.

"పెట్టంగ సూస్కోలే. నువ్వు నా మీద పెట్టినంక టోపీ కనవడ్డది" అన్నది. "నేనే గద తెచ్చి పెట్టింది. ఏ మొకంతోని జెప్పాలె?"

టోపీ కనిపించి కూడా కూర్చుని అన్నం తిన్నది ఆమె. ఠాణాలో అందరి ముందూ ఆమెను పట్టుకుని ఏడ్చాను. సిగ్గుపడలేదు. ఆ ఏడు నేను పడిన వెయ్యి అనుమానాల్లో వాళ్ల ప్రేమ మీద పడినవన్నీ అబద్ధం. జబ్బు తగ్గిన తర్వాత పడిన ఆ ఒక్కటి నిజం. అడిగేవాళ్లకు నేను చెప్పేది కూడా ఇంతే: దవాఖానకు పోండి, డాక్టరు ఇంట్లో ఏముందని అడిగితే నిజం చెప్పండి. బాలింతకు పిచ్చి అనుమానాలు వస్తున్నాయని ఆమె అడిగిన ప్రతిదీ పిచ్చి అనుకోకండి.

ఆ కాన్పుకు జబ్బు మళ్లీ వచ్చింది, డాక్టరమ్మ చెప్పినట్టే. ఈసారి ఆడపిల్ల. కొన్ని రోజులు నాకు అసలు గుర్తులేవు, వెంటనే పట్నం తీసుకుపోయారు కనుక తొందరగానే తేరుకున్నాను. బండి వచ్చేలోపు ఏం జరిగిందో తర్వాత అత్తమ్మ చెప్పింది. మధ్యాహ్నం పూట నేను మంచం దిగి, పిల్లను చంకనేసుకుని, నేరుగా చిలకకొయ్య దగ్గరికి పోయానట. చేయి పైకి చాపి, గోడ అంతా తడిమానట. చాలాసేపు నిలబడ్డానట.

"తర్వాత?" అన్నాను.

"తర్వాతేముంది బిడ్డా, ఏం లేకపాయె. వొచ్చి పండుకున్నవు."